కాగితం దాచుకోని ఉద్యమానికి సాక్ష్యం ఉండదు

(మహానందిలో జరిగిన సీమ విద్యార్థులు, ఉద్యోగుల అధ్యయన తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం విని పొద్దున కొందరు మిత్రులు నవ్వినారు. అమెరికాలో మితవాద ఉద్యమాల కాగితాలను గ్రంథాలయాల్లో ఎట్లా దాచినారనేది అంశం. 'మహానందికీ అమెరికాకూ ఏం సంబంధమన్నా? మనకు నీళ్లు కావాల, నిధులు కావాల, ఉద్యోగాలు కావాల, రాష్ట్రం కావాల. వాళ్ల పాతకాగితాలతో మనకేం పని?' అని అడిగినారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పేముందు నేనూ ఒక ప్రశ్న అడుగుతాను.

1991 నవంబరులో నంద్యాల లోక్‌సభ స్థానానికి ఉప ఎన్నిక జరిగింది. ప్రధానమంత్రి హోదాలో పి.వి. నరసింహారావు పోటీ చేసినారు. తెలుగుదేశం అభ్యర్థిని నిలబెట్టలేదు. బీజేపీ తరఫున బంగారు లక్ష్మణ్ నిలబడినారు. పీవీ 5 లక్షల 80 వేల మెజారిటీతో గెలిచినారు. దేశమంతా మనవైపు చూసిన ఎన్నిక అది. ఆ ఎన్నికలో ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల పల్లెల్లో పంచిన కరపత్రం, ఏ పార్టీదైనా సరే, ఈ హాల్లో ఎవరింట్లోనన్నా ఒక్కటి ఉందా? ఉంటే చేతులెత్తండి.

ఒక్క చెయ్యీ లేవలేదు. ఓటు మనది, ఊరు మనది. కానీ ఆనాడు మనకెవరు ఏం చెప్పి ఓటడిగినారో చూపించడానికి మన దగ్గర కాగితం లేదు. ఈ పూట నేను మాట్లాడబోయేది దీని గురించే.

ఓడిపోయినవాళ్ల కాగితాలు

1964 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో రిపబ్లికన్ పార్టీ తరఫున బారీ గోల్డ్‌వాటర్ నిలబడినాడు. మితవాదుల్లో గట్టి మితవాది. ప్రభుత్వం ప్రజల బతుకుల్లో జోక్యం తగ్గించుకోవాలని, కమ్యూనిజంతో రాజీ వద్దని అతని వాదన. నల్లవారికి సమాన హక్కులిచ్చే పౌరహక్కుల చట్టానికి అదే ఏడాది సెనేట్‌లో వ్యతిరేకంగా ఓటేసినాడు. లిండన్ జాన్సన్ చేతిలో చిత్తుగా ఓడిపోయినాడు. 50 రాష్ట్రాల్లో గెలిచినవి 6. ఈ రకం రాజకీయానికి ఇంతటితో నూకలు చెల్లినాయని చాలామంది పండితులు తీర్పు చెప్పినారు.

సరిగ్గా 16 ఏళ్లు గడిచినాయి. 1964లో గోల్డ్‌వాటర్ కోసం టీవీలో ప్రసంగం చేసిన రొనాల్డ్ రీగన్ 1980లో 44 రాష్ట్రాలు గెలిచి అధ్యక్షుడయినాడు. చచ్చిపోయిందన్న ఉద్యమం అధికారంలోకి వచ్చి కూర్చుంది.

మధ్యలో ఏం జరిగింది? పెద్ద పత్రికల్లో దీనికి పూర్తి జవాబు దొరకదు. ఇళ్లలో పెట్టుకున్న చిన్న సమావేశాల్లో, చర్చి మెట్ల మీద పంచిన కరపత్రాల్లో, టపాలో తిరిగిన చౌక పుస్తకాల్లో, చందా అడుగుతూ రాసిన ఉత్తరాల్లో ఉంది జవాబు. మితవాదాన్ని మా చరిత్రకారులు సరిగా పట్టించుకోలేదని అలన్ బ్రింక్లీ అనే చరిత్రకారుడు 1994లో ఒక వ్యాసం రాసినాడు. ఆ తర్వాత పరిశోధకులు పనికి పూనుకుంటే వాళ్లకు కాగితాలు దొరికినాయి. ఎందుకంటే ఎవరో కొందరు ముందే దాచిపెట్టినారు.

ఆ కొందరెవరో వినండి. విద్యార్థులు మరీ శ్రద్ధగా వినండి. లెయిర్డ్ విల్‌కాక్స్ అని కాన్సస్ విశ్వవిద్యాలయంలో విద్యార్థి. మితవాదులదీ, వామపక్షాలదీ, దొరికిన ప్రతి కరపత్రమూ పోగుచేసినాడు. 1965లో విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఆ పోగును కొనుక్కుంది. ఈరోజు అది విల్‌కాక్స్ కలెక్షన్ పేరుతో పెరిగి పెద్దదయింది. కరపత్రాలు, కార్ల వెనక అంటించే స్టిక్కర్లు, చందా ఉత్తరాలు వంటి విడి కాగితాలే లక్షకు పైగా ఉన్నాయి. ఒక విద్యార్థి సంచిలోంచి మొదలయిన సంగతి ఇది.

రెండో ఆయన గోర్డన్ హాల్. రెండో ప్రపంచయుద్ధంలో పనిచేసి వచ్చిన సైనికుడు. జాతి ద్వేషం నూరిపోసే సంఘాల అచ్చు కాగితాలు చూసి, వీటిని చించి పారేస్తే లాభం లేదు, సాక్ష్యంగా ఉంచాలని సేకరణ మొదలుపెట్టినాడు. గ్రేస్ హోగ్ అనే ఆమె ఆయనకు తోడయినారు. ఇద్దరి సేకరణా ఇప్పుడు బ్రౌన్ విశ్వవిద్యాలయంలో ఉంది. ముసుగులేసుకుని నల్లవారిని చంపిన కు క్లక్స్ క్లాన్ లాంటి ముఠాల కాగితాలూ ఇట్లాంటి సేకరణల్లో ఉన్నాయి. దాచినవాళ్లు వాటిని మెచ్చి దాచలేదు. రేపు ఎవరన్నా 'మేమట్లా అనలేదే' అంటే ముందర పెట్టడానికి దాచినారు.

మూడోది వెస్లీ మెక్‌క్యూన్ 1962లో వాషింగ్టన్‌లో పెట్టిన గ్రూప్ రీసెర్చ్ అనే సంస్థ. దానికి కార్మిక సంఘాల అండ ఉండేది. వాళ్లు మితవాదులకు బద్ధ వ్యతిరేకులు. ఏ సభలో ఎవరు మాట్లాడినారు, ఏ సంస్థకు ఎవరు డబ్బులిచ్చినారు అని 30 ఏళ్లకు పైగా ఫైళ్లు కట్టినారు. ఆ ఫైళ్లు కొలంబియా విశ్వవిద్యాలయం చేరినాయి. మితవాదుల చరిత్ర రాయాలంటే వాళ్ల వ్యతిరేకులు కట్టిన ఫైళ్లూ చూడాల్సిందే.

ఇంకొక్క ముచ్చట చెప్పి అమెరికా నుంచి వెనక్కొస్తాను. గోల్డ్‌వాటర్‌కు 50 డాలర్లు, అంతకుమించి చందా ఇచ్చినవాళ్ల పేర్లు అప్పటి చట్టప్రకారం ప్రతినిధుల సభ కార్యాలయంలో ఉండేవి. ఎవరైనా పోయి చూసే వీలుండేది. ఎన్నిక అయిపోయినాక రిచర్డ్ విగరీ అనే యువకుడు మనుషులను పెట్టి ఆ పేర్లను చేత్తో ఎత్తి రాయించినాడు. 12,500 పేర్లు. ఓడిపోయిన అభ్యర్థి చందాదారుల జాబితా! ఆ కాగితమే తర్వాత మితవాద ఉద్యమానికి టపా ద్వారా చందాలు తెచ్చే యంత్రానికి మొదటి చక్రం. వాళ్ల రాజకీయం నాకు నచ్చదు, మీలో చాలామందికీ నచ్చదు. కానీ ఓడినరోజు కూడా కాగితం విలువ తెలిసినవాడు అతను. దస్త్రమంటే బీరువాలో బూజు పట్టేదని అనుకుంటాం. అది రేపటి బలం కూడా.

మన దగ్గరా మితవాదం ఉండింది

'అది అమెరికా, మనకట్లాంటిదేముంది?' అంటారేమో. ఉండింది. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ సహకార ఉమ్మడి వ్యవసాయానికి తీర్మానం చేసింది. దాన్ని ఎదిరిస్తూ అదే ఏడాది రాజాజీ పూనికతో స్వతంత్ర పార్టీ పుట్టింది. దానికి మొదటి అధ్యక్షుడు మన తెలుగువాడు, నిడుబ్రోలు ఆచార్య ఎన్.జి. రంగా. 1962లో మన శాసనసభలో ఆ పార్టీకి 19 స్థానాలొస్తే 1967లో 29 వచ్చినాయి. లోక్‌సభలో 1962లో 18 ఉన్నది 1967లో 44 అయింది. రంగాగారు 1962లో లోక్‌సభకు పోయింది మన చిత్తూరు నుంచే. 1967లో కర్నూలు లోక్‌సభకు గెలిచిన వై. గాదిలింగన గౌడ్ స్వతంత్ర పార్టీ మనిషే.

అంటే లైసెన్సుల రాజ్యం పోవాల, భూమి జోలికి రావద్దు అన్న మితవాద రాజకీయానికి సీమలో ఓట్లు పడినాయి. ఎందుకు పడినాయి? భూస్వాముల భయమా, రైతు కోపమా, కాంగ్రెస్ ముఠాల కక్షా? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ఆనాటి పల్లె కరపత్రాలు కావాల.

పార్టీ 1974లో చరణ్ సింగ్ వాళ్లతో కలిసిపోయి మాయమయింది. పార్టీ పోయినా దాని కాగితాలు కొన్ని ఢిల్లీ తీన్‌మూర్తి భవన్ గ్రంథాలయంలో బతికినాయి. హిందూ మహాసభ కాగితాలూ అక్కడే ఉన్నాయి. నెహ్రూ పేరుండిన ఆ సంస్థకు 2023లో ప్రధానమంత్రుల మ్యూజియం అని పేరు మార్చినారు. 1967లోనే హోవర్డ్ ఎర్డ్‌మన్ అనే అమెరికన్ స్వతంత్ర పార్టీ మీద పెద్ద పుస్తకం వేసినాడు. 2023లో ఆదిత్య బాలసుబ్రమణియన్ మళ్లీ దాని చరిత్ర రాస్తే ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం అచ్చేసింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. బతికేవి పెద్ద నాయకుల కాగితాలు. ఢిల్లీలో, మద్రాసులో ఉండినవాళ్లవి, ఇంగ్లీషులో ఉత్తరాలు రాసుకున్నవాళ్లవి. ఎద్దులబండి మీద మైకు కట్టి తిరిగిన కార్యకర్త కాగితం బతకదు. మన ఉద్యమంలో ఉన్నది అంతా ఆ కార్యకర్తలే. కాబట్టి మనది మనం దాచుకోకపోతే ఇంకెవరూ దాచరు.

ఈ గడ్డ మీదే ఉన్న రుజువులు

దూరం పోనక్కరలేదు. ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న నంద్యాలలో 1928 నవంబరు 17, 18 తేదీల్లో ఆంధ్ర మహాసభ జరిగింది. నిజాం కుంపిణీకి దత్తం చేసినాడని మనకు అంటగట్టిన 'దత్తమండలాలు' అన్న పేరు వద్దని, 'రాయలసీమ' అని పిలుచుకుందామని ఆ సందర్భంలోనే తీర్మానించుకున్నారు. ఆ పేరు పెట్టిందెవరు? చాలా ఏళ్లపాటు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారని చెప్పుకున్నాం, పుస్తకాల్లో రాసుకున్నాం. పాత అచ్చు కాగితాలు తిరగేసినవాళ్లు చిలుకూరి నారాయణరావు గారని తేల్చినారు. గాడిచర్ల గొప్పతనం దీనివల్ల తగ్గదు. కానీ మన పేరు మనకెవరు పెట్టినారో తెలుసుకోవడానికే అన్నేళ్లు పట్టిందంటే తప్పెవరిది?

1937 నవంబరు 16 నాటి శ్రీబాగ్ ఒడంబడిక తీసుకోండి. మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారింట్లో కోస్తా, సీమ పెద్దలు కూర్చుని రాసుకున్న కాగితం. రాజధాని, హైకోర్టు రెండింట్లో ఏది కావాలో సీమవాళ్లు కోరుకోవచ్చని, తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్లలో సీమకు మొదటి హక్కుండాలని అందులో ఉంది. ఆ కాగితమే లేకుంటే ఈరోజు మనం దేన్ని పట్టుకుని మాట్లాడేవాళ్లం? 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధాని అయింది. మూడేళ్లు తిరిగేసరికి 1956 నవంబరు 1న హైదరాబాదు పోయింది. రాజధాని పోయినా శ్రీబాగ్ కాగితం నిలబడింది కాబట్టే మన వాదన నిలబడింది.

తెలంగాణ ఉద్యమాన్ని చూడండి. 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందం, 1985 చివరలో వచ్చిన 610 జీవో, తర్వాత గిర్‌గ్లానీ కమిషన్ నివేదిక. వాళ్ల ఉద్యోగులు ఈ కాగితాలను కంఠస్థం చేసి మాట్లాడినారు. పాట ఎంత పనిచేసిందో, జీవో కాపీ అంత పనిచేసింది. 2010లో శ్రీకృష్ణ కమిటీ ముందు మాట్లాడేటప్పుడు కాగితం ఉన్నవాడి గొంతు వేరుగా ఉండింది. రేపు మన కోసం ఒక కమిటీ వస్తే మన చేతిలో ఏముంటుంది?

ఎదిరివాడి కాగితమూ మనదే

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల వైపు పిల్లోడికి కూడా తెలుసు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్ల దగ్గర ఉరి తీసినారు. తలను 1877 దాకా కోటకు వేలాడదీసినారు. ఈ తేదీలు మనకెట్లా తెలిసినాయి? కుంపిణీ కలెక్టర్ల దస్త్రాల నుంచి. వాళ్లు ఆయన్ను వీరుడని రాయలేదు, తిరుగుబాటుదారని రాసినారు. వీరుడని చెప్పింది మన జనం పాట. ఆ పాటలను తంగిరాల వెంకట సుబ్బారావు గారు ఊరూరా తిరిగి సేకరించినారు. శత్రువు కాగితం, జనం పాట రెండూ ఉండబట్టే ఈరోజు మనం ధైర్యంగా చరిత్ర చెప్పగలుగుతున్నాం. ఒక్కటే ఉండి ఉంటే సగం చరిత్రే మిగిలేది.

కాబట్టి మన కరపత్రాలతో ఆగొద్దు. మనల్ని ఎదిరించే సమైక్యవాది కరపత్రం కూడా కావాల. 1997లో కాకినాడలో ఒక ఓటు రెండు రాష్ట్రాలు అన్న బీజేపీ తీర్మానం కాగితం కావాల. అదే పార్టీ నాయకులు 2018 ఫిబ్రవరిలో కర్నూలులో రెండో రాజధాని, హైకోర్టు అంటూ ప్రకటించిన రాయలసీమ డిక్లరేషన్ కావాల. కర్నూలును న్యాయ రాజధాని చేస్తామని 2020లో చేసిన చట్టం కావాల, 2021 నవంబరులో ఆ చట్టాన్ని రద్దు చేసుకుంటూ పెట్టిన బిల్లూ కావాల. కాంగ్రెస్, తెలుగుదేశం, వైకాపా, కమ్యూనిస్టులు, ఎవర్నీ వదలొద్దు. మాటలు మార్చడం వాళ్లకు సులువు. అచ్చు మార్చడం కష్టం.

ఇప్పుడు చేదు మాట ఒకటి చెప్తాను, కోపం తెచ్చుకోవద్దు. మన కాగితాల్లోనూ మనకు సిగ్గనిపించేవి ఉంటాయి. సీమ కోసం ప్రాణమిస్తామని సంతకం పెట్టి, పదవి రాగానే మౌనం పట్టినవాళ్ల కరపత్రాలు ఉంటాయి. ఆవేశంలో సాటి తెలుగువాళ్లను అనరాని మాటలన్న కరపత్రాలు ఉంటాయి. దళితుల పేరు, ఆడవాళ్ల పేరు ఒక్కటీ లేని కమిటీల జాబితాలు ఉంటాయి. వాటిని చించేయాలనిపిస్తుంది. చించొద్దు. రంగాగారంతటివారు కాంగ్రెస్‌ను వదిలి స్వతంత్ర పార్టీకి అధ్యక్షుడయి, చివరకు మళ్లీ కాంగ్రెస్‌లోకే పోయినారు. దాచితే దాగే చరిత్ర కాదది. మన తప్పులు మన దగ్గరుంటే మనం దిద్దుకుంటాం. ఎదిరివాడి దగ్గర మాత్రమే ఉంటే వాడు మనల్ని వాటితో కొడతాడు.

ఏం చేయాల, ఎట్లా చేయాల

ఇది కోట్లు అడిగే పని కాదు. కడపలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పూనుకుంటే, బ్రౌన్ దొర ఉండిన చోట, జనం చందాలతో గ్రంథాలయం లేచింది. ఈరోజు అది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. మనకు ముందుగా కావాల్సింది ఒక ట్రంకు పెట్టె, ఒక లెక్కల పుస్తకం.

విద్యార్థులకు చెప్తున్నా. కరపత్రం చేతికి రాగానే వెనకవైపు పెన్సిలుతో తేదీ, ఊరు, ఎవరిచ్చినారో రాయండి. ఇంకుపెన్ను వద్దు, సిరా పాకుతుంది. సెల్లోటేపు వేయొద్దు, లామినేషన్ అసలే వద్దు. గుండుసూది తీసేయండి, తుప్పు కాగితాన్ని తింటుంది. న్యూస్‌ప్రింటు ఎండకు పసుపెక్కి పొడి అవుతుంది, చీకట్లో మడత లేకుండా ఉంచండి. ఫోనులో ఫొటో తీయండి గానీ, ఫొటో ఉంది కదా అని అసలు కాగితం పారేయొద్దు. వాట్సాప్‌లో తిరిగే పోస్టర్లనూ తేదీతో దాచండి. ఎన్నికల కరపత్రం మీద అచ్చేసినవాడి పేరు, వేయించినవాడి పేరు ఉండాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 127-ఎ సెక్షన్ చెప్తుంది. చిన్న అక్షరాల్లో ఉండే ఆ కింది లైనే రేపటి పెద్ద సాక్ష్యం. కత్తిరించేటప్పుడు దాన్ని పోగొట్టొద్దు.

ఉద్యోగ మిత్రులకు ఒక మాట. ఆఫీసు ఫైలు ఇంటికి తీసుకుపోవద్దు. అది నేరం, ఉద్యమానికి మచ్చ కూడా. 2005 నుంచి సమాచార హక్కు చట్టం ఉంది, అర్జీ పెట్టి కాపీ తీసుకోండి. జీవో, సీనియారిటీ జాబితా, నీటి విడుదల లెక్క, ఏదైనా సరే నంబరు, తేదీతో సహా దాచండి. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా అయింది. జిల్లా విడిపోయినప్పుడల్లా బీరువాలు కదులుతాయి. ఏ దస్త్రం ఎక్కడికి పోయిందో కనిపెట్టి ఉండండి.

పెద్దలకు చెప్తున్నా. 1972 జై ఆంధ్ర రోజులు, 1980ల్లో సీమ నీళ్ల కోసం చేసిన పాదయాత్రలు మీరు చూసినారు. మీ అటకల మీద ఏముందో ఈ పండక్కి దించి చూడండి. 2009 అక్టోబరు 2న కర్నూలు మునిగినప్పుడు ఎన్ని ఇళ్లలో ఎన్ని పెట్టెలు బురద అయినాయో మీకు తెలుసు. 2016 మే 31న సిద్ధేశ్వరం అలుగుకు జనం పోయి శంకుస్థాపన చేసినారు. పోలీసులు దారులు మూస్తే పొలాల గట్ల మీద నడిచిపోయినామని చెప్పేవాళ్లు మన మధ్యనే ఉన్నారు. వాళ్ల మాట రికార్డు చేయండి. మనిషి కూడా ఒక దస్త్రమే, తొందరగా చెదిరిపోయే దస్త్రం.

కోనేరు చెప్పే మాట

పొద్దున మీరంతా కోనేట్లో మునిగి వచ్చినారు. రూపాయి బిళ్ల వేస్తే అడుగున కనిపించేంత తేట నీళ్లు. ఆ నీళ్లు అక్కడే నిలబడితే పాచి పడతాయి. ఒకవైపు ఊరుతూ, ఇంకోవైపు పారుతూ పోయి అరటితోటలను, వరిమళ్లను తడుపుతాయి కాబట్టే తేటగా ఉంటాయి. కాగితాల సేకరణ కూడా అట్లాంటిదే. తాళం వేసి ఒకడి పెత్తనంలో పెడితే పాచి పడుతుంది. మనల్ని మెచ్చేవాడు, మెచ్చనివాడు ఎవరొచ్చి అడిగినా చూపించాల. చూపించడానికి భయపడే కాగితం సాక్ష్యం కాదు.

1964లో ఓడిపోయినవాళ్ల చరిత్ర చెప్పడానికి లక్ష కాగితాలు మిగిలినాయి. 1937 నుంచి మోసపోతున్న మన చరిత్ర చెప్పడానికి ఎన్ని మిగిలినాయో రేపు లెక్క తేలాల. వచ్చే తరగతులకు వచ్చేటప్పుడు ఒక్కొక్కరు ఒక్కొక్క పాత కాగితం తెండి. చిరిగిందైనా సరే, ఎదిరివాడిదైనా సరే. నా వంతుగా, ఈ సభకు వేసిన కరపత్రం వెనక పెన్సిలుతో తేదీ, ఊరు రాసి అధ్యక్షుల చేతికిస్తున్నా. మన పెట్టెలో మొదటి కాగితం ఇదే కానీండి.

జై రాయలసీమ.